కోట సెట్ వేస్తేనే నాటకమా? కొన్ని అపోహలు - వాస్తవాలు

ఈ మధ్య ఫోన్ చేసే కుర్రాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న. "గురువుగారూ, సెట్‌కీ లైటింగ్‌కీ కలిపి ఎంతవుద్దండీ?" స్క్రిప్టు ఏదయ్యా అంటే, "రాస్తన్నామండి" అంటారు. విజయనగరంలో ట్యుటోరియల్ గదుల్లో, మేడల మీద నాటకాలు వేయించే నాకు ఈ ప్రశ్న వింటే ఒళ్ళు మండుతుంది. అడిగినవాళ్ళ మీద కాదు, వాళ్ళ బుర్రకి అది ఎక్కించినవాళ్ళ మీద.

అపోహ: సెట్, డిమ్మర్లు, కాలర్ మైకులు, పెద్ద హాలు లేకపోతే జనం చూడరు.

వాస్తవం: శ్రీకాకుళం వైపు ఒక అబ్బాయి వాళ్ళమ్మ చెవిదిద్దులు కుదువ పెట్టి కోట సెట్ వేయించాడు. ప్లైవుడ్ గోడలు, థర్మాకోల్ స్తంభాలు, వాటిని మోయడానికి వ్యాను. ఒక్క ప్రదర్శన పడింది. చుట్టాలొచ్చారు, శాలువాలు కప్పారు, ఫోటోలు దిగారు. పక్క ఊరివాళ్ళు పిలిస్తే వ్యాను బాడుగకి డబ్బుల్లేవు. స్క్రిప్టు మంచిది, నటులూ మంచివాళ్ళే. వానలకి ప్లైవుడ్ ఉబ్బిపోయింది, నాటకం అక్కడితో ఆగిపోయింది. "అమ్మకి ఏటి చెప్పమంటారండీ" అని వాడు అడిగితే నాకు నోట మాట రాలేదు.

నాటకం మొదటి రోజే తయారైపోదు. అయిదారు ప్రదర్శనలు పడితే గానీ ఏ మాటకి జనం కదులుతున్నారో, ఎక్కడ దగ్గులు మొదలవుతున్నాయో తెలీదు. సెట్ మీద పెట్టిన ప్రతి రూపాయీ రెండో ప్రదర్శన నోటి దగ్గర లాక్కున్న కూడే. అందుకే ముందు రిహార్సల్ చాయ్‌కి, బస్సు చార్జీలకి, జెరాక్సులకి డబ్బు పక్కన పెట్టండి. తర్వాత పట్టపగలు, ఏ లైటూ లేకుండా, ఓ ముప్పై మందిని కూర్చోబెట్టి ఆడండి. అక్కడ నిలబడని నాటకాన్ని స్పాట్‌లైటు నిలబెట్టలేదు.

"మేం గ్రీకు ట్రాజెడీ వేస్తున్నామండి, దానికి భారీతనం కావాలి కదా" అంటారు ఇంకొందరు. గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ కాలంలో ఏథెన్స్‌లో ఆ నాటకాలు ఆరుబయట, పగటి వెలుతురులో ఆడారు. పాత్రలన్నీ ముగ్గురు నటులే మాస్కులు మార్చుకుంటూ వేసేవారు. కోరస్, అంటే కలిసి పాడుతూ కథ మీద వ్యాఖ్యానించే బృందం, పదిహేను మంది. చావులు ఎక్కువగా తెర వెనకే జరుగుతాయి, ఆ కబురు ఎవడో ఒకడు వచ్చి చెబుతాడు. అంటే నెత్తురు ఖర్చు కూడా లేదన్నమాట!

మేం సోఫోక్లిస్ 'యాంటిగొని'ని మన తీరం వైపు ఊరికి తెచ్చుకున్నాం. అన్న శవానికి మట్టి వేయకూడదని రాజాజ్ఞ, చెల్లెలు వినదు. మా దాంట్లో రాజు లేడు, ఊరి పెద్ద ఉన్నాడు. కోరస్ పని జముకుల కథవాళ్ళ పద్ధతిలో ఒక కథకుడు, ఇద్దరు వంతలు చూసుకుంటారు. శవం అంటే పరిచిన ఖాళీ చాప. ఆ అమ్మాయి స్టీలు పళ్ళెంలోంచి గుప్పెడు ఎండుమట్టి తీసి వేళ్ళ సందుల్లోంచి వదులుతుంది. నాలుగడుగుల దూరంలో కూర్చున్నవాళ్ళకి ఆ మట్టి చాప మీద రాలే చప్పుడు వినిపిస్తుంది. పెద్ద హాల్లో ఎన్ని మైకులు వేలాడదీసినా అది రాదు. అన్నట్టు, పరిషత్తుల్లో, అంటే నాటక పోటీల్లో, ఆడి వచ్చిన నటులకి ఒక జబ్బుంటుంది. పైన మైకు లేకపోయినా, అది ఉండే చోటికే జరిగిపోయి డైలాగు చెబుతారు. దాన్ని వదిలించేసరికి నా తల ప్రాణం తోకకి వస్తుంది.

కొత్త రచనలకీ ఇదే లెక్క. రోజూ ప్యాసింజరులో విశాఖ వెళ్ళొచ్చే సీజన్ టికెట్ వాళ్ళ మీద మా దగ్గర ఒకమ్మాయి నాటిక రాసింది. కుర్చీలు ఎదురెదురుగా రెండు వరసలు వేశాం, చూసేవాళ్ళూ నటులూ కలిసే కూర్చుంటారు. ఖర్చు కుర్చీల అద్దె. ఇది మేం కనిపెట్టిందేమీ కాదు. ఇంజినీరుగా, పట్టణ ప్రణాళికలో పనిచేసిన బెంగాలీ నాటకకర్త బాదల్ సర్కార్ 1970ల్లోనే కలకత్తాలో వేదిక వదిలి గదుల్లోకి, మైదానాల్లోకి నాటకాన్ని దించారు. 1947లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో ఉత్సవానికి పిలవకుండానే వచ్చిన ఎనిమిది బృందాలు దొరికిన చోటల్లా ఆడాయి. ఇవాళ ఫ్రింజ్ అంటున్న నాటకోత్సవం అలా పుట్టిందే.

ఖర్చు తగ్గించమన్నానని వైరింగులో మాత్రం పిసినారితనం వద్దు. షామియానా కొట్లో తెచ్చిన హేలోజన్ లైటుకి బటర్ పేపరు అంటించేసేవాళ్ళని చూశాను. అది నిప్పుతో చెలగాటం.

మిగతా అపోహలు గబగబా.

క్లాసిక్‌ని ముట్టుకోకూడదట. 'కన్యాశుల్కం' ఈ ఊళ్ళోనే 1892లో ఆడారు, 1897లో అచ్చయింది, 1909కల్లా గురజాడవారే దాన్ని దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు. ఆయనకి లేని పట్టింపు మనకెందుకు?

ఏడుపు నాటకం మనవాళ్ళు చూడరట. ధర్మవరం రామకృష్ణమాచార్యులు 'విషాద సారంగధర' రాసి వందేళ్ళు దాటింది.

ప్రయోగం జనానికి అర్థం కాదట. మగవాడు జడ వేసుకుని సత్యభామగా వస్తే తూర్పు భాగవతం తెల్లవార్లూ చూసిన జనమండీ వీళ్ళు! అర్థం కాకపోతే తప్పు స్క్రిప్టుదే.

పోలీసులు పట్టుకుపోతారట. ఇంటివాళ్ళు ఎక్కువ టెన్షన్ పడేది దీనికే, పాపం. నాటకాల్ని నిషేధించే వీలిచ్చిన 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టాన్ని కేంద్రం 2018లో ఎత్తేసింది. లౌడ్‌స్పీకర్ పెడితే మాత్రం రాతపూర్వక అనుమతి తీసుకోండి, రాత్రి పదికి కట్టేయండి. వీధిలో ఆడేటప్పుడు స్టేషన్‌లో ఒక మాట చెప్పి ఉంచితే ఇంట్లోవాళ్ళకీ నిశ్చింత.

ఇక హక్కులు. సోఫోక్లిస్‌కి రాయల్టీ కట్టక్కర్లేదు, నిజమే. కానీ మీరు వాడే అనువాదానికి హక్కుదారు వేరే ఉంటారు. మన చట్టం ప్రకారం రాసినవాళ్ళు పోయాక కూడా అరవై ఏళ్ళు ఆ హక్కు ఉంటుంది. టికెట్ లేకుండా ఔత్సాహిక సంఘం ఆడితే చట్టంలో మినహాయింపు ఉంది. టికెట్ పెడుతున్నారా, ముందే ఉత్తరం రాసి అనుమతి తెచ్చుకోండి. ఎలా ఆడినా కరపత్రం మీద అనువాదకుల పేరు వేయండి, అదీ డైరెక్టరు పేరంత సైజులో.