బంగారానికైనా బిట్‌కాయిన్‌కైనా ఆ విలువ ఎక్కడిది? అపోహలు - వాస్తవాలు

అపోహ: అరుదుగా దొరుకుతుంది కాబట్టే విలువ.

వాస్తవం: అరుదైతే చాలదు, కొనేవాళ్లుండాలి. ఈ రెండూ వడ్డీ ఇవ్వవు, అద్దె తేవు. రేపు ఇంకొకరు ఎంత పెడతారన్నదే వాటి ధర. బంగారానికి కొనేవాళ్ల వరుస చాలా పొడవు: పెళ్లిళ్లు, తాకట్టు అప్పులు, ఎలక్ట్రానిక్స్, వాటన్నిటి పైన (మన ఆర్‌బీఐ లాంటి) కేంద్ర బ్యాంకులు. 2022, 2023, 2024 మూడేళ్లూ అవి ఏటా 1,000 టన్నులకు పైగా కొన్నాయి. సరఫరా మాత్రం మెల్లగా పెరుగుతుంది. ఇప్పటిదాకా తవ్విన బంగారం 2 లక్షల టన్నుల పైమాటే. గనుల నుంచి ఏటా వచ్చి చేరేది అందులో 2 శాతంలోపే.

బిట్‌కాయిన్ అనే డిజిటల్ నాణెం ఆ పద్ధతినే కోడ్‌లో రాసుకుంది. 2.1 కోట్లకు మించి రావు. 2024 ఏప్రిల్ నుంచి బ్లాకుకు (అంటే లావాదేవీల చిట్టాలో చేరే ఒక్కో పుటకు) 3.125 చొప్పున రోజుకు సుమారు 450 కొత్తవి పుడుతున్నాయి. కానీ ఆ కోడ్‌ను కాపీ చేసి ఇంకో 2.1 కోట్ల నాణేలు ఎవరైనా పుట్టించవచ్చు. వాటిని అడిగే దిక్కుండదు, అంతే తేడా. పైగా ఇలాంటి డిజిటల్ నాణేలు, అంటే క్రిప్టోలు, అన్నిటికీ పరిమితి ఉందనుకోవడం పొరపాటు: డోజ్‌కాయిన్ అనే మరో రకం నాణేలు ఏటా 500 కోట్లు కొత్తగా వస్తాయి.

అపోహ: బిట్‌కాయిన్ మైనింగ్‌కు (కంప్యూటర్లతో లెక్కలు కట్టి కొత్త నాణేలు సంపాదించడానికి) అయ్యే కరెంటు ఖర్చు కన్నా కిందికి ధర పడదు.

వాస్తవం: ఇది తలకిందుల లెక్క. ధర పడితే నష్టపోయే మైనర్లు యంత్రాలు ఆపేస్తారు. ప్రతి 2,016 బ్లాకులకు, అంటే దాదాపు రెండు వారాలకోసారి, నెట్‌వర్క్ ఆ లెక్కల కష్టస్థాయిని సవరించుకుంటుంది. మిగిలినవాళ్లకు ఖర్చు తగ్గిపోతుంది. ధర వెనకే ఖర్చు నడుస్తుంది.

అపోహ: బంగారం ధర ఎప్పుడూ పడదు.

వాస్తవం: 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లు తాకింది. 1999లో 250 డాలర్ల దగ్గరికి దిగింది. మళ్లీ 850 దాటింది 2008లోనే. మన ఇళ్లలో ఆ పతనం ఎవరికీ గుర్తులేకపోవడానికి కారణం రూపాయి. 1980లో డాలరు 8 రూపాయల చుట్టూ ఉండేది, 1999 నాటికి 43 అయింది. డాలర్లలో పడిన బంగారం రూపాయల్లో పెరిగింది. మనం బంగారం కొన్నప్పుడు డాలరు మీద కూడా పందెం కాస్తున్నామన్నమాట. 2012 తర్వాత మూడేళ్లు మాత్రం రూపాయల్లోనూ తగ్గింది.

అపోహ: నగ కొన్నా పెట్టుబడే కదా.

వాస్తవం: లెక్క వేసి చూడండి. 22 క్యారెట్లు గ్రాము 10,000 రూపాయలనుకుందాం. 40 గ్రాముల హారం 4,00,000. తరుగు, మజూరీ కలిపి 12 శాతమైతే 48,000. మొత్తం మీద జీఎస్‌టీ 3 శాతం, 13,440. చేతినుంచి పోయేది 4,61,440. అదే రోజు అమ్మితే బాగా వస్తే 4,00,000. అసలు చేతికి రావాలంటేనే రేటు 15 శాతానికి పైగా పెరగాలి. హాల్‌మార్క్‌తో పాటు ఉండే హెచ్‌యూఐడీ (అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే, ఒక్కో నగకు ఒక్కో గుర్తింపు కోడ్) స్వచ్ఛతకు భరోసా ఇస్తుంది గానీ తరుగును వెనక్కి ఇవ్వదు. రాళ్ల నగైతే రాళ్ల బరువు తీసేసి నికర తూకం మీదే బిల్లు రాయించుకోండి. మోసం జరిగేది ఎక్కువగా అక్కడే. దాచుకోవడానికే అయితే నగ వద్దు, బిళ్లగానో గోల్డ్ ఈటీఎఫ్‌గానో (బంగారం ధరను బట్టి నడిచే, షేర్లలా కొనే యూనిట్లు) కొనండి.

అపోహ: క్రిప్టో మీద పన్ను వేశారంటే ప్రభుత్వం పూచీ ఉన్నట్టే.

వాస్తవం: పన్ను వేరు, పూచీ వేరు. క్రిప్టో చెల్లుబాటు కరెన్సీ కాదు. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు. ఒక నాణెంలో లక్ష లాభం, ఇంకోదానిలో లక్ష నష్టం వస్తే మిగిలింది సున్నా. అయినా 31,200 కట్టాల్సిందే, ఎందుకంటే ఆ నష్టాన్ని లాభంలోంచి తీసేయనివ్వరు.