తెర అంచు దాటిన ఓకే బటన్

మా నాన్నగారి ల్యాప్‌టాప్ తెర 11.6 అంగుళాలది. అందులో అడ్డంగా 1366, నిలువుగా 768 పిక్సెళ్ళు ఉన్నాయి. అక్షరాలు మరీ సన్నగా ఉన్నాయని ఆయన అంటే, డిస్‌ప్లే సెట్టింగుల్లో స్కేలింగును, అంటే తెర మీదివన్నీ ఎంత పెద్దగా కనిపించాలో చెప్పే శాతాన్ని, 100 నుంచి 125కు పెంచాను. మర్నాడు ఆయన కాగితం కొలతను ఏ4కు మార్చుకుందామని ప్రింటర్ సెట్టింగుల విండో తెరిచారు. కొలత మార్చగలిగారు గాని, ఆ మార్పును ఖాయం చేసే ఓకే బటన్ ఎక్కడా కనిపించలేదు. విండో కింది భాగం తెర అంచు దాటిపోయింది. పైకి జరపబోతే దాని టైటిల్ బార్ తెర పై అంచు దగ్గరే ఆగిపోయింది. మూల పట్టుకొని కుదించబోతే విండో కుదించుకోలేదు. స్క్రోల్ బార్ అసలే లేదు. తాను ఏదో తప్పు నొక్కానేమోనని ఆయన సాయంత్రం దాకా మథనపడ్డారు. ఆయన తప్పేమీ లేదు. ఆ విండోను రూపొందించినవారు తెర ఎత్తు ఇంత ఉంటుందని ముందే ఒక అంచనా వేసుకున్నారు, ఆ అంచనా ఈ తెర మీద చెల్లలేదు.

ఈ చిక్కు ఎలా పుడుతుందో చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. ఒక సెట్టింగుల విండోలో 15 వరుసలున్నాయని, ఒక్కో వరుసకు 34 పిక్సెళ్ళ చొప్పున 510 పిక్సెళ్ళు పడతాయని అనుకుందాం. టైటిల్ బార్‌కు 30, ట్యాబులకు 40, అడుగున బటన్ల వరుసకు 50, అంచుల ఖాళీలకు 24 కలిపితే మొత్తం 654 అవుతుంది. 768 పిక్సెళ్ళ ఎత్తులో విండోస్ 10 టాస్క్‌బార్ 40 తీసుకోగా 728 మిగులుతాయి కాబట్టి ఈ విండో సునాయాసంగా పడుతుంది. అదే స్కేలింగును 125 శాతం చేస్తే విండో దాదాపు 817 పిక్సెళ్ళకు పెరుగుతుంది, టాస్క్‌బార్ 50 అవుతుంది, మిగిలే చోటు 718కి తగ్గుతుంది. విండోను తెర పై అంచుకు ఆనించినా అడుగున సుమారు 100 పిక్సెళ్ళు మరుగున పడతాయి. బటన్ల వరుస ఉండేది సరిగ్గా అక్కడే.

స్కేలింగ్ పెంచడం ఎవరూ సరదాకు చేసే పని కాదు. 100 శాతం స్కేలింగ్ అంటే అంగుళానికి 96 పిక్సెళ్ళు అన్నది విండోస్‌లో పాతకాలం నుంచి వస్తున్న లెక్క. 11.6 అంగుళాల తెరలో 1366×768 పిక్సెళ్ళను ఇరికిస్తే అంగుళానికి సుమారు 135 పడతాయి. అంటే ప్రతి అక్షరమూ ఉండవలసిన కొలతలో 71 శాతానికి కుంచించుకుపోతుంది. చూపు మందగించినవారు దాన్ని పెంచుకోక తప్పదు, పెంచుకున్నవారికే బటన్లు మాయమవుతాయి. ఈ లోపాన్ని నేను చిన్న అసౌకర్యంగా కొట్టిపారేయలేకపోవడానికి కారణం ఇదే.

ఇలాంటి సెట్టింగుల విండోను, అంటే డైలాగ్ బాక్సును, స్థిరమైన కొలతలతో గీయడం ఒకప్పుడు తప్పు కాదు. 1984లో వచ్చిన మొదటి మెకింటాష్ తెర 9 అంగుళాలది, 512×342 పిక్సెళ్ళది. ఆ యంత్రం కొన్న అందరి ముందూ అదే తెర ఉండేది కాబట్టి, ప్రోగ్రామర్లు డైలాగ్ బాక్సు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో పిక్సెళ్ళలోనే రాసిపెట్టేవారు, అది అలాగే సరిపోయేది. విండోస్ ఇంకో అడుగు ముందుకు వేసి, డైలాగ్ బాక్సులకు ప్రత్యేకమైన కొలమానం పెట్టింది: అడ్డం కొలత అక్షరపు సగటు వెడల్పులో నాలుగో వంతు, నిలువు కొలత అక్షరపు ఎత్తులో ఎనిమిదో వంతు. దీనివల్ల ఫాంటు పెరిగితే డైలాగ్ బాక్సు కూడా దానితోపాటు పెరిగేది, అక్షరాలు గడుల్లోంచి పొర్లిపోయేవి కావు. ఆ ఆలోచన మంచిదే. అయితే పెరిగిన డైలాగ్ బాక్సు తెరలో పడుతుందా లేదా అని చూసే ఏర్పాటు అందులో లేదు. స్కేలింగ్ సంగతే ఎరుగని పాత ప్రోగ్రాములకైతే విండోస్ ఆ విండో బొమ్మనే సాగదీసి చూపిస్తుంది. అక్షరాలు కాస్త మసకబారతాయి, ఎత్తు మాత్రం అంతే పెరుగుతుంది.

ఈలోగా తెరల ఆకారం మారింది. 4:3 నిష్పత్తి గల పాత 14 అంగుళాల తెర ఎత్తు 8.4 అంగుళాలైతే, 16:9 నిష్పత్తి గల 14 అంగుళాల తెర ఎత్తు 6.9 అంగుళాలకు మించదు. దుకాణంలో చెప్పే కొలత మూల నుంచి మూలకు తీసినది కాబట్టి రెండూ 14 అంగుళాలే, కాని పోయిన అంగుళంన్నర పూర్తిగా ఎత్తులోంచి పోయింది. టీవీలకూ ల్యాప్‌టాప్‌లకూ ఒకే ఆకారపు తెరలు వాడుకలోకి రావడంతో సినిమా చూడడానికి వీలు పెరిగింది. నిలువుగా పేర్చిన సెట్టింగుల వరుసలకు మాత్రం చోటు తగ్గింది. 2007లో ఆసుస్ సంస్థ ‘ఈ పీసీ 701’ (Eee PC 701) అనే బుల్లి ల్యాప్‌టాప్‌ను 800×480 పిక్సెళ్ళ తెరతో విడుదల చేసినప్పుడు ఈ ఇబ్బంది ఒక్కసారిగా అందరి కళ్ళకూ కట్టింది. ఆ తర్వాత 1024×600 తెరలతో నెట్‌బుక్కులనే ఇలాంటి బుల్లి ల్యాప్‌టాప్‌లు వరుసగా వచ్చాయి. 2012లో విండోస్ 8 తన కొత్త తరహా అప్లికేషన్లకు కనీసం 1024×768 ఉండాలని నిర్ణయించడంతో ఆ నెట్‌బుక్కులలో అవి తెరుచుకోనే లేదు. ఈ మధ్య 16:10, 3:2 నిష్పత్తుల తెరలు తిరిగి వస్తున్నందుకు సంతోషించాలి గాని, మన ఇళ్ళలో ఇంకా పనిచేస్తున్న 1366×768 ల్యాప్‌టాప్‌లకు వాటివల్ల ఒరిగేదేమీ లేదు.

తెలుగులో కంప్యూటర్ వాడాలనుకునేవారికి ఎత్తు మరింత విలువైనది. ఇంగ్లీషు అక్షరాలు చాలావరకు ఒక గీత మీద నిలబడతాయి, కొన్నే కిందికి దిగుతాయి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలో పైన గుడిదీర్ఘం, కింద తవత్తు, దాని పక్కన క్రారవడి ఉన్నాయి. సెట్టింగుల్లో తరచు కనిపించే ‘పునరుద్ధరించు’, ‘భద్రత’, ‘ముద్రణ’ వంటి మాటలన్నీ గీతకు కిందనో పైననో చోటు అడిగేవే. అందుకే తెలుగు ఫాంట్లలో వరుసకూ వరుసకూ మధ్య దూరం ఎక్కువగా పెడతారు. అలా పెట్టకపోతే పై వరుసలోని వత్తు కింది వరుసలోని గుడికి తగులుతుంది. మన లెక్కలోని 15 వరుసలకు ఒక్కోదానికి 6 పిక్సెళ్ళు అదనంగా ఇస్తే విండో ఎత్తు 90 పిక్సెళ్ళు పెరుగుతుంది. అంటే ఇంగ్లీషులో 654 పిక్సెళ్ళతో సరిపోయిన విండో, స్కేలింగ్ ఏమీ పెంచకముందే, తెలుగులో 744 అయి 728 పిక్సెళ్ళ చోటును దాటేస్తుంది. దీన్ని తప్పించడానికి కొన్నిచోట్ల వరుస ఎత్తును ఇంగ్లీషుకు సరిపడేంతే ఉంచి వత్తులను నరికేస్తారు. వత్తు తెగిన మాట చదవవలసిరావడం నాకు కనబడని బటన్ కంటే ఎక్కువ కష్టం కలిగిస్తుంది.

దీనికి మందు చాలాకాలంగా తెలిసినదే. ప్రోగ్రాముల విండోలను తయారుచేయడానికి వాడే క్యూటీ, జీటీకే వంటి సాధనాల్లో పిక్సెళ్ళను చేత్తో రాయనక్కరలేదు. విండోలోని ప్రతి భాగమూ తనకు కనీసం ఎంత చోటు కావాలో చెబుతుంది, విండో ఆ కోరికలన్నిటినీ కూడి తన కనీస ఎత్తును నిర్ణయించుకుంటుంది. అయితే కూడికతో ఆపితే సరిపోదు. వరుసలు పెరిగినకొద్దీ ఆ కనీస ఎత్తే తెరను మించిపోతుంది, అప్పుడు కుదించడం వాడేవారి చేతిలో ఉండదు. వరుసలన్నిటినీ స్క్రోల్ అయ్యే ఒక అరలో పెట్టి, బటన్ల వరుసను ఆ అరకు వెలుపల, ఎప్పుడూ కనిపించేలా ఉంచాలి. అప్పుడు అర ఎంతకైనా కుదించుకోగలదు, బటన్లు మాత్రం చోటు కదలవు.

లినక్స్ ప్రపంచంలో ఈ మార్పు ఊహించని వైపు నుంచి వచ్చింది. ప్యూరిజం సంస్థ లిబ్రెమ్ 5 అనే ఫోన్‌లో, లినక్స్ కంప్యూటర్లలో వాడే గ్నోమ్ అనే డెస్క్‌టాప్ అప్లికేషన్లనే నడపాలని సంకల్పించి, విండో ఇరుకైతే పక్కపక్కన ఉన్న పేజీలను ఒకదాని వెనక ఒకటిగా మార్చే లిబ్‌హ్యాండీ అనే సాధనాన్ని తయారుచేసింది. దాని వారసురాలైన లిబ్ అద్వైత 2022లో గ్నోమ్ 42తో వాడుకలోకి వచ్చింది. ఫోన్ కోసం పడిన ఆ శ్రమ వల్ల చిన్న ల్యాప్‌టాప్‌ల సెట్టింగులు కూడా తెరకు లోబడి మసలడం నేర్చుకున్నాయి. వెబ్ పేజీల విషయంలో 2018 నాటి వెబ్ సౌలభ్య మార్గదర్శకాలు, 1280 పిక్సెళ్ళ వెడల్పున్న తెర మీద 400 శాతం పెంచినా అడ్డంగా స్క్రోల్ చేయకుండానే చదవగలగాలని నియమం పెట్టాయి. సెట్టింగుల విండోలు రాసేవారు కూడా తమ పనిని 1366×768 తెర మీద, 125 శాతం స్కేలింగుతో, తెలుగులో ఒకసారి తెరిచి చూడాలని నా కోరిక.

ఇప్పటికే చిక్కుకున్నవారికి కీబోర్డు దారి చూపుతుంది. చాలా డైలాగ్ బాక్సుల్లో ఎంటర్ నొక్కితే ఓకే నొక్కినట్టు, ఎస్కేప్ నొక్కితే రద్దు చేసినట్టు. బటన్ కనిపించకపోయినా ఇది పనిచేస్తుంది. ట్యాబ్ మీటతో వేరే బటన్ మీదికి చేరి ఉంటే మాత్రం ఎంటర్ ఆ బటన్‌నే నొక్కుతుంది కాబట్టి అక్కడ కాస్త జాగ్రత్త అవసరం. విండోస్‌లో ఆల్ట్, స్పేస్ మీటలు కలిపి నొక్కి, తర్వాత ఎం నొక్కితే విండోను బాణం మీటలతో జరపవచ్చు, టైటిల్ బార్ తెర పై అంచు దాటిపోయినా అది అభ్యంతరం చెప్పదు. గ్నోమ్‌లో సూపర్ మీట (విండోస్ గుర్తున్న మీట) పట్టుకొని విండోలో ఎక్కడైనా మౌస్‌తో లాగవచ్చు. నాన్నగారి విషయంలో ఇంత దూరం వెళ్ళనక్కరలేకపోయింది. కాగితం కొలత మళ్ళీ ఏ4కు మార్చి ఎంటర్ నొక్కమన్నాను. విండో మూసుకుంది, ప్రింటర్ లోంచి కాగితం సరైన అంచులతో బయటికి వచ్చింది. ఆ మీట పేరు ఆయన తన డైరీలో రాసుకున్నారు.