డార్క్‌రూమ్ కొలాజ్‌లో ఆధ్యాత్మికత: అపోహలు - వాస్తవాలు

నేను డార్క్‌రూమ్‌లో, అంటే ఫోటోలు కడిగి ప్రింట్ చేసే గదిలో, బ్లాక్ అండ్ వైట్ పేపర్ మీద ఎన్‌లార్జర్ (నెగటివ్‌లోంచి వెలుగు పంపి బొమ్మని పేపర్ మీద పెద్దగా వేసే యంత్రం) కింద రెండు మూడు నెగటివ్‌లు (నలుపు తెలుపులు తారుమారై ఉండే ఫిల్మ్ ముక్కలు) కలిపి ఒకే ప్రింట్ చేస్తుంటాను, విషయాలు ఎక్కువగా చావు, ప్రార్థన, ఎదురుచూపు. చూసినవాళ్లు సగం మంది "ఇందులో ఏదో శక్తి ఉందండీ" అంటారు, మిగతా సగం "ఫోటోషాపే కదా" అంటారు. రెండూ కాదు.

అపోహ: ఇలాంటి ఫోటోల్లో ఆత్మలు నిజంగానే పడతాయి

దీనికి పాత చరిత్రే ఉంది. 1860ల్లో అమెరికాలోని బోస్టన్‌లో విలియం మమ్లర్ అని నగిషీ పని చేసే ఆయన ఫోటో దిగినవాళ్ల వెనక చనిపోయిన బంధువుల నీడలు చూపించడం మొదలుపెట్టాడు, అప్పుడే అక్కడ అంతర్యుద్ధం, కొడుకుల్ని భర్తల్ని పోగొట్టుకున్న ఇళ్లు లెక్కలేనన్ని, డబ్బిచ్చి మరీ దిగేవాళ్లు. లింకన్ భార్య మేరీ కూడా దిగింది, ఆమె భుజాల మీద లింకన్ చేతులు వేసినట్టు ఉంటుంది ఆ ఫోటోలో. 1869లో న్యూయార్క్‌లో కేసు నడిస్తే షోలు నడిపే బార్నమ్ కూడా వచ్చి మమ్లర్‌కి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు, కానీ సరిపడా రుజువుల్లేవని వదిలేశారు. ఒకసారి వేరే ముఖం పడిన గాజు ప్లేటు మీదే మళ్లీ ఇంకొకర్ని తీస్తే ఇలాంటి నీడ వస్తుంది, అంతకుమించి ఏమీ అక్కర్లేదు. డబుల్ ఎక్స్‌పోజర్ మేమూ చేస్తాం, కాకపోతే ఇది నేను కలిపిన బొమ్మ అని చెప్పే చేస్తాం. ఏడుస్తున్న మనిషి దగ్గర ఆ మాట దాచి డబ్బు తీసుకోవడం నాకు ఇప్పటికీ కోపం తెప్పించే విషయమే.

అపోహ: ఆధ్యాత్మికం అంటే ఫ్రేములో దేవుడో గుడో ఉండాలి

ఉంటే తప్పేం లేదు. రాజస్థాన్ నాథద్వారాలో శ్రీనాథ్‌జీ దర్శనానికి వచ్చిన యాత్రికుల ముఖాలు ఫోటోల్లోంచి కత్తిరించి అతికించి, ఒళ్లు, బట్టలు, వెనక స్వామిని రంగులతో వేసి ఇచ్చేవాళ్లు అక్కడి చిత్రకారులు. భక్తుడు స్వామి ముందు నిలబడ్డాడని ఇంట్లో గుర్తుండాలి, కాబట్టి అక్కడ స్వామి ఉండి తీరాలి. అలా కాకుండా, నెగటివ్‌లు కలిపే ఈ పద్ధతిలో చాలామందికి గురువులాంటి అమెరికన్ ఫోటోగ్రాఫర్ జెర్రీ యూల్స్‌మన్ (1934-2022) ప్రింట్లు చూడండి, ఎక్కువగా చెట్లు, వేళ్లు, నీళ్లు, రాళ్లు, చేతులు, పైకప్పు ఉండాల్సిన చోట మేఘాలున్న ఒక గది, చాలావాటికి పేరు కూడా పెట్టలేదు, దాంతో చూసేవాడికి పట్టుకోవడానికి ఏ ఆధారమూ దొరకదు, అక్కడే కాసేపు నిలబడిపోతాడు. ఆయనకి చదువు చెప్పినవాళ్లలో ఫోటోగ్రాఫర్ మైనర్ వైట్ ఒకరు, జెన్ బౌద్ధం, గుర్జియెఫ్ అనే ఆధ్యాత్మిక గురువు బోధనలు బాగా వంటబట్టించుకున్న మనిషి, కిటికీ అద్దం మీద మంచుని, గోడ మీద పెచ్చులూడిన రంగుని కూడా ధ్యానం చేసినట్టే చూసేవాడు.

అపోహ: చీకట్లో ఏదో కలిపితే అదే వచ్చేస్తుంది, అంతా దైవికం

ఇదొక్కటి మాత్రం వివరంగా చెప్పాలి. పేపర్ మీద వెలుగు పడ్డచోట నలుపు వస్తుంది, పడనిచోట తెలుపు మిగులుతుంది, ఒకసారి నల్లబడ్డ చోటుని మళ్లీ తెల్లగా చేయలేం (మందుతో నలుపు తీసే బ్లీచింగ్ సంగతి వేరు). అంటే రెండో బొమ్మ రావాలంటే మొదటి బొమ్మలోనే దానికి చోటు ఖాళీగా ఉంచాలి. ఉదాహరణకి కోనేరు మెట్ల నెగటివ్ ఉందనుకోండి, ముసురు పట్టిన రోజు తీసింది, ఆకాశం నెగటివ్‌లో దట్టంగా నల్లగా ఉంటుంది కాబట్టి పేపర్ మీద తెల్లగానే మిగులుతుంది. ఆ తెలుపులోకి రెండో ఎన్‌లార్జర్ నుంచి తెరిచిన అరచేయి దించాలి, అరచేయి కిందిభాగం నీళ్ల మీదకి రాకుండా లెన్స్‌కీ పేపర్‌కీ మధ్య అట్టముక్క అడ్డంపెట్టి, వెలుగు ఉన్నంతసేపూ ఆపకుండా మెల్లగా కదుపుతూనే ఉండాలి. అట్ట పేపర్‌కి దగ్గరగా ఉంటే అంచు గీత గీసినట్టు తెలిసిపోతుంది, లెన్స్ వైపు జరిపితే పొగమంచులా కరిగిపోతుంది, ఆ కరిగే చోటే జనం "శక్తి" అంటున్నది. దానికి ముందు రెండు నెగటివ్‌లకీ విడివిడిగా టెస్ట్ స్ట్రిప్‌లు (ఎన్ని సెకన్ల వెలుగు కావాలో చూసే పేపర్ ముక్కలు), కాంట్రాస్ట్, అంటే నలుపు తెలుపుల తేడా, కలవకపోతే ఫిల్టర్ మార్చడం, అన్నిటికంటే ముఖ్యం ఎండ ఏ పక్కనుంచి పడిందో చూసుకోవడం, మెట్ల మీద ఎడమ నుంచీ చేతి మీద కుడి నుంచీ పడితే ఏం తేడానో చెప్పలేకపోయినా కన్ను నమ్మదు.

యూల్స్‌మన్ అయితే ఆరేడు ఎన్‌లార్జర్లు వరసగా పెట్టుకుని ఒక్కోదాంట్లో ఒక్కో నెగటివ్ ఉంచి పేపర్‌ని ఒకదాని కింద నుంచి ఇంకోదాని కిందకి జరుపుకుంటూ పోయేవాడు. అనుకోకుండా దొరికేవి లేవా అంటే ఉన్నాయి, కాంటాక్ట్ షీట్లు (ఒక రీలులోని బొమ్మలన్నీ చిన్నగా ఒకే పేపర్ మీద వేసినవి) పక్కపక్కన పెట్టుకు చూస్తుంటే ఎప్పుడో తీసిన రాయీ నిన్న తీసిన ముఖమూ ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి, ఆ క్షణం నాకూ దైవికంగానే అనిపిస్తుంది, ఒప్పుకుంటాను. తర్వాతదంతా సెకన్ల లెక్క.

అపోహ: నెగటివ్‌లు కలపడం మోసం, అసలు ఫోటోగ్రఫీయే కాదు

1857లోనే ఆస్కార్ రైలాండర్ అనే ఫోటోగ్రాఫర్ 30కి పైగా నెగటివ్‌లు కలిపి ఒక ముసలి జ్ఞాని ఇద్దరు యువకులకి మంచిదారీ చెడ్డదారీ చూపించే పెద్ద ప్రింట్ చేశాడు, అప్పట్లో గొడవలు అయ్యాయి కూడా, అయినా విక్టోరియా రాణి ఒక కాపీ కొనుక్కుంది. 1967లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ యూల్స్‌మన్ ఒక్కడి పనితోనే ఎగ్జిబిషన్ పెట్టింది. ఇంకా ఈ వాదన ఎందుకో అర్థం కాదు.

అపోహ: డార్క్‌రూమ్ అంటే కటిక చీకటి

తీసిన ఫిల్మ్‌ని కడగడానికి రీలుకి ఎక్కించేటప్పుడు మాత్రమే. మామూలు బ్లాక్ అండ్ వైట్ పేపర్‌కి ఎర్ర లైటు కనపడదు, కాబట్టి ఆ వెలుగులో హాయిగా పని చేసుకోవచ్చు.

అపోహ: బోలెడు ఎన్‌లార్జర్లు లేకపోతే కుదరదు

ఒక్కటి చాలు, ఓపిక ఎక్కువ కావాలంతే. రెండు నెగటివ్‌ల ఆకారాలూ ముందే ఒక తెల్లకాగితం మీద పెన్సిల్‌తో గీసి పెట్టుకోండి, ఫోటో పేపర్ వెనక ఒక మూల చిన్న గుర్తు పెట్టండి, మొదటి ఎక్స్‌పోజర్ (పేపర్ మీద వెలుగు వేయడం) అయ్యాక పేపర్‌ని వెలుగు దూరని నల్ల కవర్లో పెట్టేసి నెగటివ్ మార్చి, గీసుకున్న కాగితం మీద ఫోకస్ సరిచూసుకుని అదే మూల అదే వైపు వచ్చేట్టు మళ్లీ పెట్టండి. బొమ్మని పైకి తేల్చే మందు, డెవలపర్‌లో ముంచేది రెండూ అయ్యాకే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముసురు రోజు తీసిన నెగటివ్ ఒకటి వెతుక్కోండి, రెండోది నల్ల గుడ్డ ముందు పెట్టి తీసింది మాత్రం వద్దు, గుడ్డ నలుపు మొత్తం వచ్చి కింద బొమ్మని మింగేస్తుంది, తెల్లటి గోడ ముందు తీసింది తీసుకోండి.