కర్నూలులో కాలిన డ్రోను వెనక నూటపాతికేళ్ల కిరణం కథ

2025 ఏప్రిల్ 13, ఆదివారం. కర్నూలు జిల్లాలో ఓర్వకల్లు వైపున్న రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో పరీక్షా కేంద్రంలో ఒక డ్రోను ఎగురుతూ ఎగురుతూ అంటుకుని కింద పడింది. దాన్ని ఏ క్షిపణీ తాకలేదు, ఏ తూటా తగల్లేదు. నేలమీద నిలబెట్టిన వాహనం నుంచి వెళ్లిన 30 కిలోవాట్ల లేజర్ కాంతి దాన్ని కాల్చేసింది. తయారు చేసింది హైదరాబాద్‌లోని చెస్ అనే డీఆర్‌డీవో ప్రయోగశాల. అమెరికా, రష్యా, చైనాల తర్వాత ఇలాంటిది చేసి చూపించిన నాలుగో దేశం మనదేనని వార్తలొచ్చాయి. ఆ ఊపులో డీఆర్‌డీవో అధిపతి సమీర్ వి. కామత్ మాట్లాడుతూ, ఇలాంటి సాంకేతికతలు మరికొన్ని చేతిలో ఉన్నాయని, అవన్నీ కలిస్తే మనకు ‘స్టార్ వార్స్’ సత్తా వస్తుందని అన్నారు.

దేశ రక్షణ పరిశోధనకు పెద్దదిక్కుగా ఉన్నాయన సినిమా పేరు తీసుకోవడం కొందరికి వింతగా అనిపించి ఉండొచ్చు. నిజానికి అందులో వింతేం లేదు. ఈ ఆయుధం పుట్టిందే కథలో. సైన్యాల దగ్గరికి అది తర్వాతెప్పుడో వచ్చింది.

1898లో పుస్తకంగా వచ్చిన హెచ్.జి.వెల్స్ నవలలో అంగారకుడి నుంచి దిగిన జీవులు ఒక వేడి కిరణంతో ఇంగ్లండు పల్లెల్ని తగలబెడతాయి. కిరణం కంటికి కనపడదు, చప్పుడు చెయ్యదు. తగిలినచోటల్లా మంటే. ఓర్వకల్లు డ్రోనుకు పట్టిన గతి సరిగ్గా ఇదే. అయితే ఆ వేడి ఎలా పుడుతుందో చెప్పాల్సిన చోట వెల్స్ తెలివిగా తప్పుకున్నాడు. వేడి తప్పించుకోలేని ఒక గదిలో ‘ఏదో విధంగా’ దాన్ని పుట్టిస్తాయని జనం అనుకుంటారని రాసి ఊరుకున్నాడు. నవలకు అది చాలు. కానీ ఆ ‘ఏదో విధంగా’ అన్న రెండు మాటల్ని నిజం చేయడానికే తర్వాత వందేళ్లలో దేశాలు వేల కోట్ల డాలర్లు ధారపోశాయి.

ఆయనే 1903లో ఇంకో కథ రాశాడు. కందకాలు దాటుకుంటూ వచ్చే ఇనుప బండ్ల కథ. అందులో ‘ఏదో విధంగా’ లేదు. అప్పటికే ఒక ఇంజనీరు తయారుచేసిన, చుట్టూ పాదాల్లాంటి పలకలున్న చక్రాల్ని పేరు పెట్టి మరీ వాడుకున్నాడు. ఆ కథ పదమూడేళ్లలోనే నిజమైంది. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధరంగంలో బ్రిటిష్ ట్యాంకులు కదిలాయి. వాటిలో చాలావరకు దారిలోనే మొరాయించాయి, వాటి పట్టాలూ కథలోవి కావు, అది వేరే సంగతి. ట్యాంకు పనికి మొదట్లో డబ్బు, అండ ఇచ్చిన చర్చిల్, ఈ విషయంలో ఊహించగలిగినదంతా వెల్స్ ఎప్పుడో ఊహించేశాడని తర్వాత ఒప్పుకున్నాడు. ఇంజను ఉన్న కథ త్వరగా నిజమైంది, ఇంజను లేని కథ శతాబ్దం తిప్పించింది. సైన్స్ ఫిక్షన్ నుంచి సైన్యాలు అరువు తెచ్చుకున్న ఊహల్లో ఏది నిలబడిందో చూడాలంటే నాకు ఇంతకంటే మంచి కొలత దొరకలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ‘మరణ కిరణం’ పత్రికలకు పిచ్చిలా పట్టుకుంది. నా దగ్గర ఉందంటూ ఒకరి తర్వాత ఒకరు బ్రిటిష్ ప్రభుత్వం తలుపు తట్టేవాళ్లు. ఈ గోల భరించలేక వాయుసేన మంత్రిత్వ శాఖ ఒక పందెం పెట్టింది. వంద గజాల దూరంలో ఒక్క గొర్రెను చంపి చూపిస్తే వెయ్యి పౌన్లు. గొర్రెలన్నీ క్షేమంగా బతికాయి.

అయినా శాఖలో ఆ అనుమానం చావలేదు. జర్మనీ దగ్గర నిజంగా ఉంటే? 1935 జనవరిలో రాబర్ట్ వాట్సన్-వాట్ అనే రేడియో పరిశోధకుడిని కదిపారు. ఆయన తన సహాయకుడు ఆర్నల్డ్ విల్కిన్స్‌కు ఒక లెక్క ఇచ్చాడు. ఐదు కిలోమీటర్ల దూరంలో, కిలోమీటరు ఎత్తులో ఉన్న ఎనిమిది పైంట్ల నీటిని 98 డిగ్రీల ఫారన్‌హీట్ నుంచి 105 దాకా వేడి చేయాలంటే ఎంత రేడియో శక్తి కావాలి? ఇది దేనికోసమో కాగితం మీద రాయలేదు. ఎనిమిది పైంట్లంటే సుమారు నాలుగున్నర లీటర్లు. మనిషి ఒంట్లో ఉండే నెత్తురు ఇంచుమించు అంత. విల్కిన్స్ ఇట్టే పట్టేశాడు. ఆకాశంలో ఉన్న శత్రు పైలట్‌కు కింద నుంచి నూట ఐదు జ్వరం తెప్పించడం ఎలాగన్నది అసలు ప్రశ్న. లెక్క వేస్తే కావాల్సిన శక్తి ఎవరి వల్లా అయ్యేది కాదని తేలిపోయింది.

మరి ఇంకేం చెయ్యగలమని వాట్సన్-వాట్ అడిగాడు. దగ్గర్లో విమానం ఎగిరితే రేడియో సంకేతాలు అల్లాడుతున్నాయని పోస్టాఫీసు ఇంజనీర్లు గమనించిన సంగతి విల్కిన్స్‌కు గుర్తొచ్చింది. చంపలేకపోతే పోయె, కనిపెట్టవచ్చు కదా! ఫిబ్రవరి 26న డావెంట్రీ దగ్గర పొలంలో ఒక వ్యాన్ పెట్టుకుని, బీబీసీ ప్రసార తరంగాల మధ్య ఒక హేఫర్డ్ బాంబరును ఎగరేసి చూశారు. సుమారు పదమూడు కిలోమీటర్ల దూరం దాకా దాని జాడ తెలిసింది. అదే బ్రిటన్ రాడార్‌కు నాంది. ఐదేళ్ల తర్వాత జర్మన్ విమానాలు బ్రిటన్ మీదికి వచ్చినప్పుడు ఆ దేశాన్ని కాపాడిన వాటిలో ముఖ్యమైనది ఈ రాడార్లే. కథలోని ఆయుధాన్ని కోరుకుంటే చేతికొచ్చింది ఇంకేదో. కథను నమ్మినందుకు కాదు, కూర్చుని లెక్క కట్టినందుకు.

1960 మే 16న అమెరికాలో థియోడర్ మైమన్ మొదటి లేజర్‌ను వెలిగించాడు. పత్రికలు వెంటనే పాత పేరు బయటికి తీశాయి: మరణ కిరణం వచ్చేసింది!

అసలు తిరునాళ్ల 1983లో మొదలైంది. మార్చి 23న అధ్యక్షుడు రీగన్ టీవీలో మాట్లాడుతూ అణు క్షిపణుల్ని పనికిరాకుండా చేసే కవచం కనిపెట్టాలని శాస్త్రవేత్తలను కోరాడు. మర్నాడే సెనెటర్ ఎడ్వర్డ్ కెనడీ దాన్ని ‘స్టార్ వార్స్’ పథకమని ఎద్దేవా చేశాడు. పథకం అసలు పేరు జనం మర్చిపోయారు, వెక్కిరింపే మిగిలింది. ఆ పేరును రాజకీయ ప్రకటనల్లో వాడొద్దంటూ సినిమా తీసిన కంపెనీ కోర్టుకెక్కి ఓడిపోయింది కూడా. ఆ తిట్టే నలభై ఏళ్లకు కర్నూలులో గొప్పగా చెప్పుకునే మాట కావడం చూస్తే నవ్వొస్తుంది.

రీగన్‌కు ఈ కిరణంతో పాత పరిచయమే ఉంది. 1940లో తను హీరోగా చేసిన ఒక సినిమాలో గాల్లో ఉన్న విమానం కరెంటును ఆపేసే రహస్య యంత్రాన్ని గూఢచారుల నుంచి కాపాడతాడు. దానికి తోడు 1980 చివర నుంచి కాలిఫోర్నియాలో రచయిత ల్యారీ నివెన్ ఇంట్లో ఒక బృందం సమావేశమయ్యేది. జెర్రీ పోర్నెల్, రాబర్ట్ హైన్‌లైన్ లాంటి సైన్స్ ఫిక్షన్ రచయితలు, మాజీ సైనికాధికారులు, రాకెట్ ఇంజనీర్లు కలిసి అంతరిక్ష రక్షణ మీద కొత్త ప్రభుత్వానికి సలహా పత్రాలు రాశారు. రీగన్ ప్రసంగానికి మూలం తామేనని పోర్నెల్ చెప్పుకునేవాడు. నాకైతే అంత నమ్మకం లేదు, అటువైపు లాగిన చేతులు చాలానే ఉన్నాయి. ఆ ఇంటికే వచ్చిన ఆర్థర్ సి. క్లార్క్ ఈ ఆలోచనను విమర్శిస్తే హైన్‌లైన్ ఆయన మీద విరుచుకుపడ్డాడు. కాబట్టి రచయితలందరిదీ ఒకే మాట అనుకోవద్దు.

కథలో రాయని ఖర్చు ఇక్కడ మళ్లీ ముందుకొచ్చింది. అంతరిక్షంలో లేజర్‌కు శక్తి ఎక్కడిది? అమెరికా అణ్వాయుధాల ప్రయోగశాల లివర్‌మోర్ ఇచ్చిన జవాబు ఒక అణుబాంబు. దాన్ని పేల్చి, ఆ పేలుడు నుంచే ఎక్స్‌రే లేజర్ తీస్తామన్నారు. 1987లో అమెరికన్ ఫిజికల్ సొసైటీ ఇదంతా పరిశీలించి, ఈ ఆయుధాలు అసలు సాధ్యమో కాదో తేల్చుకోవడానికే పదేళ్లో అంతకు మించో పరిశోధన కావాలంది. సుమారు 3,000 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 1993లో ‘స్టార్ వార్స్’ పథకాన్ని నడిపిన సంస్థకు పేరు, పని రెండూ మార్చేశారు.

ఆ తర్వాతిది బోయింగ్ 747 ముక్కులో అమర్చిన రసాయన లేజర్. 2010 ఫిబ్రవరిలో అది నిజంగానే ఎగిరే క్షిపణిని కూల్చింది. అప్పటికే రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ దాని గాలి తీసేసి ఉన్నాడు: ఇరాన్ క్షిపణిని కొట్టాలంటే ఈ విమానం ఇరాన్ సరిహద్దులు దాటి లోపల చక్కర్లు కొట్టాలి, అలా తిరగనిచ్చేదెవరు? 2011లో పథకం మూసేశారు. తర్వాత విమానాన్ని తుక్కు చేశారు.

కిరణం సంగతి పక్కనబెట్టి కవచం చూసినా ఇదే వరస. 2013లో అమెరికా ప్రత్యేక దళాల అధిపతి అడ్మిరల్ మెక్‌రేవెన్ తూటా దూరని, బలం పెంచే యంత్ర కవచం కావాలన్నాడు. తలుపు తోసుకుని మొదట లోపలికి వెళ్లే జవాను చనిపోకూడదన్నది ఆయన బాధ, న్యాయమైనదే. పత్రికలు దానికి ఐరన్ మ్యాన్ సూట్ అని పేరు పెట్టాయి. ఆ సినిమా కవచాల్ని చేసిన హాలీవుడ్ వర్క్‌షాపు కూడా పనిలో చేరింది. ఒంటిమీది బరువును మోటార్లు మొయ్యాలి, మోటార్లకు బ్యాటరీ కావాలి, బ్యాటరీ మళ్లీ బరువు. 2019లో అది పోరాటానికి పనికొచ్చే స్థితిలో లేదని తేల్చేసి, అందులోని ముక్కల్ని వేర్వేరు పనులకు మళ్లించారు. ఫ్రాన్స్ ఇంకాస్త తెలివిగా పోయింది. ఆయుధం అడగకుండా, రచయితలు, చిత్రకారులతో ‘రెడ్ టీమ్’ కట్టి రేపటి ముప్పులేమిటో రాయించుకుంది. అక్కడి రక్షణ మంత్రి ఫ్లోరాన్స్ పార్లీ 2020 డిసెంబరులో గీత కూడా గీసింది. ఐరన్ మ్యాన్ కవచం సరే, స్పైడర్ మ్యాన్‌లా ఒంటి జన్యువులు మార్చడం మాత్రం కుదరదని.

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ, ఇవన్నీ మన పురాణాల్లో ఎప్పుడో ఉన్నాయంటూ వాట్సాప్‌లో ఫార్వర్డ్‌లు తిరుగుతాయి. పౌరాణిక సినిమాల్లో ఎదురెదురుగా వచ్చి ఆకాశంలో ఢీకొనే బాణాలు చూసి పెరిగినవాళ్లం, ఆ మురిపెం అర్థమవుతుంది. కానీ ఆ కథల్ని సరిగ్గా చదివితే అస్త్రానికి ముందు తపస్సు ఉంటుంది, శాపం ఉంటుంది, అవసరమైన వేళ కర్ణుడికి మంత్రం గుర్తుకు రాకపోవడం ఉంటుంది. ఖర్చు దాచకపోవడంలో వెల్స్ కంటే వ్యాసుడే నిజాయితీపరుడు.

మరి కర్నూలులో ఎలా కాలింది? ఏదో విధంగా కాదు, వెల్డింగ్ విధంగా. ఫ్యాక్టరీల్లో ఇనుప రేకులు కోయడానికి, అతకడానికి ఫైబర్ లేజర్లు వచ్చాయి. ఏటేటా బలం పెరిగింది, ధర తగ్గింది. 2014లో అమెరికా నావికాదళం పోన్స్ అనే ఓడ మీద పెట్టిన సుమారు 30 కిలోవాట్ల ఆయుధం, బజారులో దొరికే వెల్డింగ్ లేజర్లు ఆరింటిని కలిపి కట్టినదే. అలాగే లక్ష్యమూ చిన్నదైంది. వేల కిలోమీటర్లు వచ్చే అణు క్షిపణి బదులు దగ్గర్లో ఎగిరే ప్లాస్టిక్ రెక్కల డ్రోను. చవక డ్రోను మీద కోట్ల రూపాయల క్షిపణి వెయ్యడమంటే ఈగను చంపడానికి ఇల్లు తగలబెట్టుకున్నట్టే. ఈ లేజర్‌ను కొన్ని సెకన్లు కాలిస్తే అయ్యే ఖర్చు రెండు లీటర్ల పెట్రోలు ధరంత అని డీఆర్‌డీవో లెక్క.

30 కిలోవాట్లంటే ఎంత? ఐదు హెచ్‌పీ బోరు మోటార్లు ఎనిమిది ఒకేసారి వేసినంత. అది బయటికొచ్చే కాంతి మాత్రమే. లోపలికి దానికి రెండు మూడింతల కరెంటు పోవాలి, కాంతిగా మారని మిగతాదంతా వేడి. ఆ వేడిని ఎప్పటికప్పుడు తోడెయ్యాలి. దుమ్ము, పొగమంచు, వాన పడితే కిరణం పలచబడుతుంది. ఒకే చోట కొన్ని సెకన్లు కదలకుండా నిలపాలి కాబట్టి గురి కూడా గట్టిదై ఉండాలి. 2017లో చెస్ వాళ్లే కర్ణాటకలోని చిత్రదుర్గ దగ్గర ఒక కిలోవాట్ లేజర్‌తో 250 మీటర్ల దూరంలోని రేకుకు చిల్లు పెట్టడానికి 36 సెకన్లు పట్టింది. అక్కడి నుంచి ఎనిమిదేళ్లలో ఇక్కడికొచ్చారు. సినిమా పేరు కంటే ఈ ప్రయాణమే నాకు గొప్పగా తోస్తుంది.

కర్నూలు పరీక్ష జరిగి నెల తిరగకుండానే అసలు డ్రోన్లు వచ్చాయి. ఆపరేషన్ సిందూర్ సమయంలో మే 8 రాత్రి పాకిస్తాన్ 300 నుంచి 400 డ్రోన్లు పంపిందని మన ప్రభుత్వం ప్రకటించింది. వాటిని ఆపిన వాటిలో ముందు వినిపించిన పేర్లు రెండు. ఒకటి బోఫోర్స్ కంపెనీ నమూనాకు చెందిన పాత ఎల్-70 తుపాకులు, వాటికి ఇక్కడ కొత్త కెమెరాలు, మోటార్లు బిగించారు. రెండోది ఆకాశ్ క్షిపణి. రీగన్ ప్రసంగించిన ఆ 1983లోనే, హైదరాబాద్‌లో కలాం చేతుల మీదుగా మొదలైన క్షిపణుల కార్యక్రమంలోదే ఈ ఆకాశ్.

లేజర్ వంతు ఆగస్టు 23న వచ్చింది. ఒడిశా తీరంలో కొత్త గగనతల రక్షణ వ్యవస్థను పరీక్షించినప్పుడు రెండు రకాల క్షిపణులు, వాటి పక్కన చెస్ వారి లేజర్, మూడూ ఒకే కమాండ్ కేంద్రం కింద పనిచేశాయి. ఆ రోజు ఎగిరిన లక్ష్యాలు మూడు, మూడూ కూలాయి.