కారులో వేరే కంపెనీ ఇంజిన్: అపోహలు – వాస్తవాలు

"అన్నా, స్విఫ్ట్ డీజిల్ ఇంజిన్ పట్టేసింది. షోరూమ్‌లో లక్షల్లో చెబుతున్నారు. స్క్రాప్‌లో టాటా విస్టా ఇంజిన్ ఒకటి ఉందట, లోపల రెండూ ఒకటేనట, ఎక్కించేద్దామా?"

ఆటోనగర్‌లో షెడ్డు నడిపేవాళ్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. అడిగేవాళ్లలో ఎక్కువమంది కారు మీదే బతుకుతున్నవాళ్లు, ఈఎంఐలు ఇంకా తీరనివాళ్లు. వాళ్ల టెన్షన్ నాకు తెలుసు. నాకు కోపమల్లా సగం సగం తెలిసిన మాటలు వాళ్ల చెవిలో ఊదేవాళ్ల మీదే.

అపోహ: ముందు ఇంజిన్ ఎక్కించేద్దాం, ఆర్‌సీలో తర్వాత మార్పించుకోవచ్చు, ఏజెంట్ చూసుకుంటాడు.

జనం డబ్బు ఎక్కువగా పోగొట్టేది ఈ మాటే. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన స్పెసిఫికేషన్‌కూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా ఓనరు బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. అదే ఏడాది చట్ట సవరణతో 182ఎ సెక్షన్ వచ్చింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ. ఈ శిక్ష పడేది ఓనరుకు. కమీషన్ తీసుకున్న ఏజెంట్ ఆ రోజుకి ఫోన్ కూడా ఎత్తడు.

మరి ఇంజిన్ మార్చడమే నేరమా? కాదు. 52వ సెక్షన్‌లోనే పదికి తక్కువ కాకుండా రవాణా వాహనాలున్న ఓనర్లకు రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వగల వెసులుబాటు ఒకటుంది. అక్కడ కూడా "అదే మేక్, అదే టైప్" ఇంజిన్, అంటే అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ అనే రాసి ఉంది. ఒక్క కారున్న మనలాంటి వాళ్లయితే అదే రకం ఇంజిన్‌కైనా ముందు ఆర్టీవో అనుమతి తీసుకోవాలి, బిల్లు చూపించాలి, కొత్త ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. అనుమతి ముందు, పని తర్వాత.

తెనాలి వైపు నుంచి ఒకాయన యాక్సిడెంట్ అయిన కారు మా షెడ్డుకి తెచ్చాడు. టైలరింగ్ షాపు పెట్టుకుని బతికే మనిషి, కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి బానెట్ లేపించి, ఇంజిన్ బ్లాక్ (ఇంజిన్ ప్రధాన దిమ్మ) మీద జిడ్డును కిరోసిన్ గుడ్డతో తుడిచి, టార్చ్ వేసి దాని మీది ఇంజిన్ నంబరు చదివాడు. ఆర్‌సీ జిరాక్స్ పక్కన పెట్టి మళ్లీ చదివాడు. మొదటి నాలుగు అక్షరాల దగ్గరే తేడా తేలిపోయింది. మార్పించింది పాత ఓనరు, ఈయనకు ఆ సంగతే తెలియదు. అయినా క్లెయిమ్ రాలేదు. రిపేరు ఖర్చంతా ఆయనే పెట్టుకున్నాడు. తర్వాత అమ్ముదామన్నా ట్రాన్స్‌ఫర్ దగ్గర మళ్లీ అదే నంబరు అడ్డొచ్చింది.

ఇక "నంబరు గీకేసి పాత నంబరు పంచ్ కొట్టేద్దాం" అనేవాళ్లున్నారు. అలాంటి షెడ్డులో ఒక్క నిమిషం కూడా నిలబడకండి. బిల్లు లేని ఇంజిన్ ఏ దొంగబండిదో మీకు తెలియదు. నంబరు గీకేసి ఉంటే, తెలిసే చేశారని పోలీసులు అనుకుంటారు.

అపోహ: స్విఫ్ట్‌లోనూ విస్టాలోనూ ఉన్నది ఫియట్ ఇంజినే కదా, బోల్టులు బిగిస్తే సరి.

ఫియట్ 1.3 మల్టీజెట్ గురించి విన్నది నిజమే. అదే 1248 సీసీ ఇంజిన్‌ను మారుతి డీడీఐఎస్ అంది, టాటా క్వాడ్రాజెట్ అంది. పుంటోలో, లీనియాలో ఉన్నదీ అదే. అందుకే పార్ట్ నంబరు సరిచూసుకుని లోపలి సామాను వాడుకుంటే అది రిపేరు కిందకే వస్తుంది. ఇంజిన్ మొత్తం దించి ఎక్కించడం వేరు సంగతి. 75 హెచ్‌పీ రకానికీ 90 హెచ్‌పీ రకానికీ టర్బో వేరు. మౌంటింగులు, గేర్‌బాక్స్, వైరింగ్, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) ఏ కంపెనీవి ఆ కంపెనీవే. తాళంలో ఉన్న చిప్‌ను ఈసీయూ గుర్తుపట్టకపోతే బండి స్టార్ట్ కాదు. అప్పుడు వేరే తాళంతో బండి స్టార్ట్ కాకుండా ఆపే ఆ ఇమ్మొబిలైజర్‌నే తీసేయిస్తారు, కారు దొంగతనానికి దారి తెరిచినట్టే. బ్రాకెట్లు లేత్ షాపులో చేయించి వెల్డింగ్ పెట్టిస్తే, వైబ్రేషన్‌కి ఆ వెల్డింగ్ దగ్గరే పగులు మొదలవుతుంది. లోపల ఇంజిన్ ఒకటే కావచ్చు, కానీ ఆర్టీవో చూసేది మీ ఆర్‌సీలో ఉన్న మేక్, టైప్.

అపోహ: కంపెనీలే వేరే వాళ్ల ఇంజిన్లు పెట్టాయి, మనం పెడితే తప్పేంటి?

పెట్టాయి. అంబాసిడర్‌లో ఇసుజు 1.8 పెట్రోల్ వచ్చింది, ప్రీమియర్ 118ఎన్‌ఈలో నిస్సాన్ ఇంజిన్ వచ్చింది. కానీ ఆ కంపెనీలు బ్రేకులు, పొగ, బరువు అన్నీ టెస్ట్ చేయించి, మోడల్‌కు అనుమతి తెచ్చుకుని అమ్మాయి. షెడ్డులో మనకు అవేవీ లేవు.

అపోహ: పెట్రోల్ కారులో డీజిల్ ఇంజిన్ పెడితే మైలేజీ కలిసొస్తుంది.

ఇంధనం ఆదా లెక్క తర్వాత, ముందు బ్రేకు సంగతి చూడండి. బ్రేకు తేలిగ్గా తొక్కేలా సాయపడే బ్రేక్ బూస్టర్‌కు పెట్రోల్ ఇంజిన్‌లో గాలి లోపలికి వెళ్లే మానిఫోల్డ్ నుంచి వాక్యూమ్ వస్తుంది. డీజిల్‌కు విడిగా వాక్యూమ్ పంప్ కావాలి. పాత డీజిళ్లు చాలావాటిలో అది బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. ఎవరో చవగ్గా వేరే ఆల్టర్నేటర్ బిగించేస్తారు, పంప్ పోతుంది. రెండోసారి తొక్కేసరికి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. పైగా ముందు ఇరుసు మీద బరువు పెరుగుతుంది, స్ప్రింగులు మాత్రం పాతవే.

అపోహ: అయితే సీఎన్‌జీ కిట్ కూడా చట్టవిరుద్ధమే.

కాదు. అనుమతి ఉన్న కిట్‌ను 52వ సెక్షనే ఒప్పుకుంటుంది. ఆర్‌సీలో ఎక్కించుకోండి, సిలిండర్‌కు మూడేళ్లకోసారి టెస్ట్ చేయించండి.

ఇంజిన్ పట్టేసిందని ఎవరన్నా ముందు హెడ్ విప్పి మీ ఎదురుగా చూపించమనండి. సిలిండర్లకు బోరింగ్ చేయిస్తేనో కొత్త స్లీవులు వేయిస్తేనో పోయేదానికి ఇంజిన్ మార్చమనే మేస్త్రీలున్నారు. బ్లాకే పగిలిపోతే అదే మోడల్ హాఫ్ ఇంజిన్ (హెడ్ లేకుండా బ్లాక్, దాని లోపలి సామాను) వెతకండి. అమ్మేవాళ్ల దగ్గర బిల్లు, ఆ ఇంజిన్ వచ్చిన బండి కాగితాలు అడగండి, అవి పట్టుకుని ఆర్టీవో దగ్గరికి వెళ్లండి.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు అడ్వాన్స్ ఇవ్వకముందే బ్లాక్ తుడిపించి నంబరు ఫోటో తీసుకోండి. తెలియక ఇప్పటికే కొనేసి ఉంటే ఇంకొకరికి అంటగట్టకండి. అమ్మినవాళ్లతో జరిగిన మెసేజ్‌లు, చెల్లింపుల రసీదులు దాచుకుని, నేరుగా ఆర్టీవో ఆఫీసులో బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌ను కలిసి సంగతి చెప్పండి. మళ్లీ ఒరిజినల్ రకం ఇంజిన్ పెట్టించి, ఆర్‌సీలో ఎక్కించుకోవడానికి ఏం కావాలో ఆయన్నే అడగండి.