బండికి పదిహేనేళ్లు నిండితే తుక్కేనా?

"పదిహేనేళ్లు దాటిన బండి రోడ్డెక్కితే సీజ్ చేస్తారంట కదా?" విశాఖ మద్దిలపాలెంలో పొల్యూషన్ టెస్టింగ్ చేసే నన్ను వారానికి నలుగురైనా ఇదే అడుగుతారు. మిగతా అపోహలతో వందో రెండొందలో పోతాయి, దీంతో బండే పోతోంది.

మొన్న కూర్మన్నపాలెం నుంచి రిటైరైన మాస్టారు ఒకాయన పాత ఆల్టో తెచ్చారు. రిజిస్ట్రేషన్ ఇంకా నెలన్నర ఉంది. బ్రోకర్ పాతిక వేలకు బేరం పెట్టాడట. "ఇంక దీన్నేటి చేసుకుంటాను బాబూ, ఇచ్చేస్తాను" అన్నారు. గొంతులో దిగులు తెలుస్తూనే ఉంది. ఇంజిన్ వేడెక్కనిచ్చి సైలెన్సర్‌లో ప్రోబ్ (పొగను కొలిచే గొట్టం) పెట్టాను. కార్బన్ మోనాక్సైడ్ 0.2 శాతం. ఆ మోడల్‌కి 0.5 దాకా పరవాలేదు. తెర ఆయన వైపు తిప్పి చూపించాను.

ఈ పుకారు ఢిల్లీది. అక్కడ పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోల్ బళ్ల మీద 2014, 2015ల్లో గ్రీన్ ట్రిబ్యునల్ (పర్యావరణ కేసులు చూసే కోర్టు), 2018లో సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టాయి. 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రద్దు చేశారు. ఈ రెండూ కలిపి వాట్సాప్‌లో వండేశారు. విశాఖలో సొంత బండికి ఆ నిషేధం లేదు. రిజిస్ట్రేషన్ పొడిగించమని గడువుకు 60 రోజుల ముందు నుంచే ఫారం 25తో దరఖాస్తు చేసుకోవచ్చు. ఇన్‌స్పెక్టర్ బండి చూసి ఫిట్ అంటే ఇంకో ఐదేళ్లు ఇస్తారు. 2022 ఏప్రిల్ నుంచి ఈ ఫీజు కారుకి 5,000, బైకుకి 1,000. పాత బళ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ అదనం. గడువు దాటనివ్వకండి, కారుకి నెలకు 500 చొప్పున లేట్ ఫీజు పడుతుంది.

లండన్‌లోలా ఊళ్లోకి వస్తే పొల్యూషన్ చార్జీ కట్టాలన్నదీ అబద్ధమే. కొత్త బండికి మొదటి ఏడాది పొల్యూషన్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఆ తర్వాత బీఎస్-4, బీఎస్-6 (పొగ ప్రమాణాల పేర్లు) బళ్లకు ఏడాది, అంతకన్నా పాతవాటికి ఆరు నెలలు చెల్లుతుంది. సర్టిఫికెట్ లేకుండా దొరికితే జరిమానా 10,000 దాకా ఉంటుంది, అది మాత్రం నిజం. బండి తేకుండా నంబర్ ప్లేట్ ఫొటో పంపి కాగితం ఇమ్మంటారు కొందరు. దయచేసి అడగకండి, ఇవ్వను.

మాస్టారు నిన్న మళ్లీ వచ్చారు, ఫారం నింపిపెట్టమని. కారు కడిగించి, సీట్లకు కొత్త కవర్లు వేయించి తెచ్చారు.