బెంగళూరు ట్రాఫిక్‌లో స్పార్క్ ప్లగ్ వయసు

కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఓడోమీటర్ చెబుతుంది. స్పార్క్ ప్లగ్ ఎంత పనిచేసిందో మాత్రం అది చెప్పదు. బెంగళూరులో ఈ రెండింటికీ పొంతన ఉండదు. సర్వీస్ పుస్తకంలో ఉన్న కిలోమీటర్ల అంకెనే నమ్ముకుని ప్లగ్‌లను మర్చిపోవడం ఈ ఊళ్లో మంచిది కాదని నా గట్టి అభిప్రాయం.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఫోర్ స్ట్రోక్ పెట్రోలు ఇంజిన్‌లో క్రాంక్ (పిస్టన్‌లు తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే ఒక్కో ప్లగ్ ఒకసారి నిప్పురవ్వ వేస్తుంది. సాయంత్రం ఆఫీసులు వదిలాక ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటకు పది కిలోమీటర్లు కదిలామనుకుందాం. ఇంజిన్ సగటున నిమిషానికి 1,200 చుట్లు తిరిగితే 600 రవ్వలు, గంటకు 36,000. అదే కారు అనంతపురం హైవే మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంతో, 2,400 చుట్ల దగ్గర వెళ్తే గంటకు 72,000 రవ్వలు పడతాయి. కానీ పది కిలోమీటర్లకు లెక్కిస్తే 9,000 మాత్రమే. అంటే కిలోమీటరుకు నగరంలో నాలుగు రెట్లు పని. లోడ్ లేనప్పుడు ఒక్కో రవ్వ వల్ల జరిగే అరుగుదల తక్కువే, కాబట్టి ప్లగ్ నాలుగు రెట్లు త్వరగా అరిగిపోతుందని కాదు. ట్రాఫిక్‌లో అసలు బెడద అరుగుదల కన్నా మసి.

ప్లగ్ మొన దగ్గర వేడి సుమారు 450 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ దాటితే పేరుకున్న మసి దానంతటదే కాలిపోతుంది. 850 డిగ్రీల ప్రాంతం దాటితే ఇంకో ప్రమాదం: రవ్వ పడకముందే ఆ ఎర్రటి మొనకే పెట్రోలు అంటుకుని, పిస్టన్‌కు దెబ్బ తగులుతుంది. ఈ రెండు హద్దుల మధ్య ఉంటేనే ప్లగ్ సుఖంగా ఉంటుంది. ఇంటి నుంచి మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న స్కూలుకు, అక్కడి నుంచి కూరగాయలకు తిరిగే కారులో చాలాసార్లు కింది హద్దే అందదు. మసి కరెంటును పోనిస్తుంది కాబట్టి, రెండు మొనల మధ్య గ్యాప్ దూకాల్సిన కరెంటు, మధ్య మొన చుట్టూ ఉండే పింగాణీ మీదుగా జారి ప్లగ్ బయటి లోహపు గొట్టంలోకి పోతుంది. అప్పుడు ఇంజిన్ మిస్సింగ్ కొడుతుంది, పికప్ తగ్గుతుంది, పొద్దున్నే స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంది. శుక్రవారం రాత్రి దేవనహళ్లి, బాగేపల్లి దాటి సొంతూరికి వెళ్లొచ్చిన కారు సోమవారం హుషారుగా ఉందని మనవాళ్లు అంటుంటారు. అందులో నిజముంది. హైవే వేడికి ఆ మసి కాలిపోయి ఉండొచ్చు.

ఇక ప్లగ్ ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది లోహం కాదు, హీట్ రేంజ్. సిలిండర్ లోపలి వేడిని ప్లగ్ ఎంత త్వరగా హెడ్‌కు (సిలిండర్ పైమూతకు) అందిస్తుందో చెప్పే అంకె అది. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్‌లలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్ చల్లన, అంటే వేడిని త్వరగా వదిలేస్తుంది; బాష్ ప్లగ్‌లలో అందుకు తలకిందులు. జేసీ రోడ్డు షాపులో ‘అదే సైజు సార్, సరిపోతుంది’ అంటే ఒప్పుకోవద్దు. మర సరిగ్గా కూర్చున్నా హీట్ రేంజ్ వేరే కావచ్చు. మాన్యువల్‌లో ఉన్న నంబరు అక్షరం పొల్లుపోకుండా అడగండి. ఎన్‌జీకే బీపీఆర్6ఈఎస్ అనే కోడ్‌లో 6 హీట్ రేంజ్, ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉందని. అది లేని ప్లగ్ వేస్తే రవ్వ నుంచి పుట్టే విద్యుత్ రొద రేడియోనే కాదు, ఇంజిన్ కంప్యూటర్‌నూ ఇబ్బంది పెట్టగలదు.

నికెల్ 1,455 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ప్లాటినం 1,768 దగ్గర, ఇరిడియం 2,446 దగ్గర. అంత గట్టి లోహం కాబట్టే ఇరిడియం మొనను అర మిల్లీమీటరు మందానికి దించగలిగారు. మొన సన్నగా ఉంటే విద్యుత్ క్షేత్రం అక్కడ కేంద్రీకృతమై, తక్కువ వోల్టేజీకే రవ్వ దూకుతుంది. మామూలు నికెల్ ప్లగ్ 20 నుంచి 40 వేల కిలోమీటర్లు, మంచి ఇరిడియం లక్ష దాకా వస్తాయి. అయితే కొన్నింటిలో మధ్య మొన మాత్రమే ఇరిడియం, ఎదురుగా వంగి ఉండే కొన నికెలే. అలాంటివి లక్ష రావు. డబ్బా మీద ఇది చూసి కొనండి.

అరిగేకొద్దీ గ్యాప్ పెరుగుతుంది. 0.8 మిల్లీమీటర్లు ఉండాల్సింది 1.2 అయితే, 12 వోల్టులను వేల వోల్టులుగా మార్చే ఇగ్నిషన్ కాయిల్ ఇంకా కష్టపడాలి. ప్లగ్‌ల దగ్గర ఆదా చేసి, ఆ తర్వాత కాయిల్ కొనేవాళ్లు ఎందరో. మిస్సింగ్ ముదిరి చెక్ ఇంజిన్ లైట్ మిణుకుతుంటే ఇక బండి లాగించకండి. కాలని పెట్రోలు వెళ్లి, పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది, దాని ఖరీదు ముందు ప్లగ్‌ల ఖరీదు ఏ మూలకూ రాదు.

మార్పించేటప్పుడు ‘అన్నా, పాతవి పడేయకు, వరుసగా పెట్టు’ అని మెకానిక్‌కు చెప్పండి. ఏ ప్లగ్ ఏ సిలిండర్‌దో తెలియాలి. పింగాణీ లేత గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటే ఇంజిన్ బాగున్నట్టే. పొడి నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పడుతోందనో, ఎక్కువగా పొట్టి ప్రయాణాలే చేస్తున్నారనో అర్థం. తడిగా, జిడ్డుగా నల్లగా ఉంటే పిస్టన్ రింగుల నుంచో వాల్వ్ సీళ్ల నుంచో ఆయిల్ దిగుతోంది. తెల్లగా మాడి పొక్కులు తేలితే వేడి ఎక్కువైంది. నాలుగింటిలో ఒక్కటే తేడాగా ఉంటే రోగం ఆ సిలిండర్‌దే. ఇంత సమాచారం పైసా ఖర్చు లేకుండా వస్తుంటే చెత్తబుట్టలో వేయడం నాకు బాధగా ఉంటుంది.

ఇనుప బ్రష్‌తో ఇరిడియం మొనను రుద్దనివ్వకండి, విరుగుతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే విప్పాలి, ఎందుకంటే వేడి మీద ఉన్న అల్యూమినియం హెడ్ మర చెడిపోతే ఖర్చు వేలల్లో ఉంటుంది. విప్పే ముందు గుంటలోని దుమ్మును గాలితో ఊదించాలి. కొత్తదాన్ని ముందు చేత్తోనే తిప్పాలి. వాషర్ ఉన్న కొత్త ప్లగ్ అయితే వేళ్లకు బిగిశాక పానాతో అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు చాలు. బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్ ఉంటే మాన్యువల్ చెప్పిన అంకె దగ్గర ఆపాలి.